కెన్నెత్ ఆండర్సన్ – ఆయన చేతి తుపాకి

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాసి ఇవ్వమని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి, దాతల గురించి మన సభ్యులు ఇదివరకే చక్కగా రాసి ఉన్నారు. అందుచేత నేను ఈసారి ఊరి దారి వదిలి అడవి దారి పట్టాను. నేను రాయబోయేది కెన్నెత్ ఆండర్సన్ గురించి. ఆయన పుట్టింది మన తెలుగునాట, వేటాడిన అడవుల్లో కొన్ని మనవి, చేసిన ఉద్యోగం మనలాంటి సర్కారు కొలువు. నరభక్షక పులులను వేటాడి, ఆ కథలను పుస్తకాలుగా రాసి, దేశదేశాల పాఠకులను సంపాదించుకున్న మనిషి. ఆయన కన్నుమూసి యాభై ఏళ్ళు దాటింది.

ఆయన మీద నాకు ఆసక్తి కలగడానికి నా ఉద్యోగమే కారణం. వినుకొండ తాలూకా కార్యాలయంలో, తరువాత మండల కార్యాలయంలో కొంతకాలం ఆయుధాల లైసెన్సుల ఫైలు నా సీటులో ఉండేది. రిజిస్టరులో బోరు అని ఒక గడి ఉంటుంది. అందులో 12 అనో, .315 అనో రాసేవాళ్ళం. ఆ అంకె అర్థమేమిటో ఆఫీసులో ఎవరూ ఆలోచించేవారు కాదు. పాత రిజిస్టరులో ఉన్నది చూసి కొత్త రిజిస్టరులో ఎక్కించడమే. ఆండర్సన్ పుస్తకాలు చదివాక ఆ గడికి ఎంత కథ ఉందో తెలిసింది. ఏ జంతువుకు ఏ తుపాకి, ఏ తుపాకికి ఏ గుండు అన్న లెక్క తప్పితే దాని ఫలితం అనుభవించేది వేటగాడు ఒక్కడే కాదు. కట్టెలు ఏరుకొనే ఆడమనిషి, మేకలు కాచుకొనే పిల్లవాడు కూడా దాన్ని అనుభవిస్తారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

కెన్నెత్ ఆండర్సన్ 1910 మార్చి 8న సికింద్రాబాదు దగ్గరి బొల్లారంలో జన్మించారు. వారిది స్కాట్లాండు నుంచి వచ్చి ఆరు తరాలుగా భారతదేశంలోనే స్థిరపడ్డ కుటుంబం. తండ్రి డగ్లస్ స్టువార్ట్ ఆండర్సన్ పూనాలో సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో సూపరింటెండెంటు. గౌరవ కెప్టెన్ హోదా కూడా ఉండేది. అంటే బిల్లులు, వోచర్లు, అభ్యంతరాలు, సవరణలు, ఇవన్నీ ఆ ఇంట్లోనూ ఉన్నవే. తండ్రికి వేట మీద మోజు ఎక్కువ. ఆ మోజు కొడుక్కీ అబ్బింది.

చదువు బెంగుళూరులో జరిగింది. బిషప్ కాటన్ పాఠశాల, తరువాత సెయింట్ జోసెఫ్ కళాశాల. న్యాయశాస్త్రం చదవమని తండ్రి ఎడింబరో పంపితే అక్కడ మనసు నిలవక, చదువు మధ్యలోనే వదిలి తిరిగి వచ్చేశారు. ఆ తరువాత తంతి తపాలా శాఖలో సుమారు పదిహేనేళ్ళు పనిచేశారు. ఆపైన బెంగుళూరు విమాన కర్మాగారంలో ప్రణాళికా విభాగంలో మేనేజరు స్థాయి ఉద్యోగం. 1929లో సింహళానికి చెందిన బ్లాసమ్ ఫ్లెమింగును వివాహమాడారు. ఒక కుమార్తె, ఒక కుమారుడు. కుమారుడు డొనాల్డ్ కూడా తండ్రి అడుగుజాడల్లోనే అడవి పట్టిన మనిషి.

మహారాజుల వేటలకు వందల మంది డప్పులవాళ్ళు, ఏనుగుల వరుసలు, డేరాలు ఉండేవి. ఆండర్సన్ ఉద్యోగం చేసుకుంటూనే పాత స్టూడీబేకరు కారులో బయలుదేరి, అడవి అంచున కారు ఆపి, తక్కినది కాలినడకన తిరిగిన మనిషి. కన్నడం, తమిళం బాగా మాట్లాడేవారు. అడవి చదువు నేర్పిన గురువులు దొరలు కారు, పల్లెవాసులు. పూజారి తెగకు చెందిన బైరా అనే అడవి మనిషితో ఆయనకు ఏళ్ళ తరబడి స్నేహం. దొంగచాటుగా జంతువులను కొట్టుకొని బతికే బైరాను అధికారులకు పట్టించకుండా, అతనితోనే అడుగు గుర్తులు చదవడం, ఆకు కదలికను బట్టి గాలి వాటం తెలుసుకోవడం అభ్యసించారు. తన పుస్తకాల్లో అతనికి పెద్దపీట వేశారు.

ఇక తుపాకి సంగతి. ఆండర్సన్ చేతిలో జీవితమంతా నిలిచినది వించెస్టర్ కంపెనీ వారి 1895 నమూనా రైఫిలు, .405 బోరు. ఇది అమెరికాలో జాన్ బ్రౌనింగ్ అనే మేధావి రూపొందించిన తుపాకి. ట్రిగ్గరు కింద ఉన్న ఇనుప కొక్కేన్ని చేత్తో కిందికి లాగి పైకి నెడితే ఖాళీ గొట్టం బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. తూటాల పెట్టెలో నాలుగు పడతాయి. గొప్ప ఇంగ్లీషు కంపెనీల జంటగొట్టాల తుపాకులు అప్పట్లో సంస్థానాధీశులు, పెద్ద జమీందార్లు కొనగలిగినవి. వాటి పక్కన ఇది సామాన్యుని తుపాకి అనే చెప్పాలి.

ఇక్కడ అంకెల అర్థం కొంచెం చెప్పాలి. .405 అంటే గొట్టం లోపలి అడ్డుకొలత సుమారుగా అంగుళంలో వెయ్యింట 405 వంతులు. మన పక్క తుపాకులకు వాడే 12 బోరు లెక్క వేరు. పౌను సీసాన్ని పన్నెండు సమాన గోళీలు చేస్తే, అందులో ఒక గోళీ సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. అందుకే 16 బోరు కంటే 12 బోరే పెద్దది. అంకె పెద్దదైతే తుపాకి పెద్దదని అనుకొనేవారు ఈ లెక్క దగ్గర పొరబడతారు. తూటా అంటే ఇత్తడి గొట్టం, అందులో మందు, మొదట్లో నిప్పు పుట్టించే టోపీ, కొసన గుండు, ఇవన్నీ కలిసినది. జంతువును తాకేది గుండు ఒక్కటే. .405 గుండు తూకం 300 గ్రెయిన్లు, మన లెక్కలో తులమున్నర పైచిలుకు. అది సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో వెళుతుంది.

గుండ్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మొనలో సీసం బయటికి కనబడే మెత్తని గుండు. శరీరంలోకి వెళ్ళగానే పుట్టగొడుగులా విచ్చుకొని పెద్ద గాయం చేస్తుంది. పులి, చిరుత, సింహం వంటి మెత్తని చర్మం గల జంతువులకు అది తగినది. రెండోది నిండా గట్టి లోహపు తొడుగు ఉన్న గుండు. అది విచ్చుకోదు, ఎముకను ఛేదించుకొని లోపలికి పోతుంది. ఏనుగు, ఖడ్గమృగం, అడవి ఎనుము వంటి వాటికి అదే కావాలి. మెత్తని గుండుతో ఏనుగును కొడితే తోలులోనే చితికిపోవచ్చు. గట్టి గుండుతో చిరుతను కొడితే ఈ పక్క దూరి ఆ పక్క బయటపడి, జంతువు గాయంతో పొదల్లోకి పారిపోవచ్చు. కాబట్టి తుపాకి ఎంచుకోవడం ఒక ఎత్తు, అందులో పెట్టే గుండు ఎంచుకోవడం ఇంకొక ఎత్తు.

ఈ .405 తూటా 1904లో వచ్చింది. దానికి పేరు తెచ్చినది ఆఫ్రికా. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన థియొడోర్ రూజ్వెల్టు 1909లో కుమారుడు కెర్మిట్‌ను వెంటబెట్టుకొని మొంబాసా రేవులో దిగారు. స్మిత్‌సోనియన్ మ్యూజియానికి నమూనాలు సేకరించడం ఆ యాత్ర ఉద్దేశం. తండ్రీకొడుకులు కలిసి కూల్చిన పెద్ద జంతువులు 512 అని వారే లెక్క రాసుకున్నారు. ఇప్పుడు వింటే గుండె తరుక్కుపోయే లెక్క. రూజ్వెల్టు మూడు రకాల రైఫిళ్ళు పట్టుకు వెళ్ళారు. సైన్యం వాడే స్ప్రింగ్‌ఫీల్డు ఒకటి, ఈ .405 వించెస్టరు ఒకటి, ఇంగ్లండులోని అభిమానులు బహూకరించిన హాలండ్ కంపెనీ జంటగొట్టాల భారీ తుపాకి ఒకటి. సింహాల మీద .405ను ఎంతో మెచ్చుకున్నారు. ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హాలండ్ తుపాకినే చేతికి తీసుకొనేవారు. ఆ యాత్ర ఖార్టూము పట్టణంలో ముగిసింది 1910 మార్చిలో. సరిగ్గా అదే నెలలో బొల్లారంలో ఆండర్సన్ పుట్టారు.

ఆఫ్రికాకు తుపాకి ఎంచుకోవడంలో పెద్దవాళ్ళలోనూ ఏకాభిప్రాయం లేదు. బెల్ అనే స్కాట్లాండు వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడు. వాటిలో ఎక్కువ భాగం .275 అనే చిన్న తుపాకితోనే. ఆ గుండు తూకం తులం కూడా ఉండదు. అయితే ఆయన ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడ ఉంటుందో, ఏ పక్క నుంచి ఏ కోణంలో కొడితే అందుతుందో పాఠంలా చదువుకున్న మనిషి. గట్టి తొడుగు గుండ్లే వాడేవాడు. ఆయనను చూసి చిన్న తుపాకి పట్టుకువెళ్ళి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. బెల్ చేతిని వాళ్ళు అరువు తెచ్చుకోలేరు గదా! అందుకే ఆఫ్రికా దేశాలు కొన్ని ప్రమాదకరమైన జంతువుల వేటకు .375 కంటే తక్కువ బోరు పనికిరాదని నిబంధన పెట్టుకున్నాయి. 1912లో హాలండ్ కంపెనీ తెచ్చిన ఆ .375 మెత్తని గుండుతో సింహానికీ, గట్టి గుండుతో ఎనుముకూ ఏనుగుకూ సరిపోయే మధ్యస్థపు తుపాకిగా ఇప్పటికీ చెల్లుబాటు అవుతున్నది. ఒకే ఒక రైఫిలు తీసుకువెళ్ళదలచుకున్నవారికి అనుభవజ్ఞులు సూచించేది సాధారణంగా దానినే.

మన ఉద్యోగులకు నచ్చే ముచ్చట ఇంకొకటి ఉంది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో భారీ వేటకు .450 బోరు జంటగొట్టాల తుపాకి రాజ్యమేలుతున్నది. 1907లో బ్రిటిషు ప్రభుత్వం భారతదేశంలోనూ, సూడానులోనూ .450 బోరు తుపాకులను నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. అదే బోరుకు సరిపడే పాత సైనిక తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో చాలా ఉన్నాయనీ, వేట తూటాల్లోని గుండ్లు వారికి అందుతాయనీ భయం. ఒక్క సర్కారు ఉత్తర్వుతో లండను, బర్మింగ్‌హాం తుపాకి కంపెనీలన్నీ కొత్త కొలతలు వెతుక్కోవలసి వచ్చింది. .465, .470, .475, .476 అంటూ పుట్టుకొచ్చిన బోరులన్నీ ఆ ఉత్తర్వు సంతానమే. వాటిలో .470 ఆఫ్రికా వేటగాళ్ళకు ప్రియమైన తుపాకి అయి కూర్చున్నది. దాని గుండు 500 గ్రెయిన్లు, రెండు ముప్పాతిక తులాలు. వలసపాలకులు మన దేశం కోసం తీసిన కాగితం కెన్యా అడవుల్లో ఎవరు ఏ తుపాకి పట్టాలో నిర్ణయించిందన్నమాట.

ఇంకొక చిక్కు ఎండ. మన రెంటచింతల ఎండ ఎరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఆనాటి తూటాల్లో వాడే కార్డైట్ అనే మందు వేడెక్కితే మరింత ఉధృతంగా కాలుతుంది. లండను చలిలో సరిగ్గా పేలిన తూటా మన వేసవిలో గొట్టంలో ఒత్తిడి పెంచి, ఇత్తడి ఉబ్బి, బయటికి రాకుండా ఇరుక్కుపోయేది. ఎదురుగా సింహం వస్తుంటే గొట్టంలో ఖాళీ తూటా ఇరుక్కుపోతే ఇక చెప్పేదేముంది? అందుకని ఉష్ణదేశాల కోసం మందు కొంచెం తగ్గించి ప్రత్యేకంగా తయారు చేసేవారు. తేమ తగలకుండా రేకు డబ్బాల్లో సీలు వేసి పంపేవారు. ఎంత వేగం అన్నదాని కంటే ఏ ఎండలోనైనా నమ్మకంగా పేలడం ముఖ్యమని అనుభవజ్ఞులు పెట్టుకున్న నియమం అక్కడి నుంచి వచ్చిందే.

చివరిది సరఫరా. ఎంత మంచి తుపాకి అయినా తూటాలు దొరక్కపోతే చేతికర్రతో సమానం. .405 తుపాకి తయారీ 1930లలోనే ఆగిపోయింది. స్వాతంత్య్రం తరువాత విదేశీ సరుకుల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. మన సర్కారు కర్మాగారాలు .315 వంటివి తయారు చేసి ఇచ్చాయే గాని, పరదేశపు బోరులవారి తిప్పలు వారివే. అందువల్ల తూటా ఒక్కొక్కటీ లెక్కపెట్టి వాడుకోవలసిన కాలం అది.

ఆండర్సన్ పేరు చెప్పగానే జిమ్ కార్బెట్ పేరు కూడా గుర్తుకు వస్తుంది. ఆయన మనకంటే ఉత్తరాన కుమావూ కొండల మనిషి, రైల్వే ఉద్యోగి. చంపావత్ ఆడపులిని 1907లో కొట్టినందుకు ఆయనకు .275 రిగ్బీ రైఫిలు బహుమానంగా లభించింది. బెల్ ఏనుగుల మీద వాడినది ఈ బోరే. తేలికైన తుపాకి, కొండలెక్కే మనిషికి భుజాన బరువు ఉండదు. గురి తప్పని చేయి గనుక ఆయనకు సరిపోయింది. భారీ పనికి .450/400 జంటగొట్టాల తుపాకి వేరే ఉండేది. ఆయన 1947లో కెన్యా వెళ్ళి స్థిరపడి, 1955లో అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన చేతిలో తుపాకి కంటే కెమెరాయే ఎక్కువ కనబడేది.

మళ్ళీ ఆండర్సన్ దగ్గరికి వద్దాం. నరభక్షకి తిరిగే ఊరి దగ్గర చెట్టు మీద మంచె కట్టుకొనో, బావి గట్టున రాళ్ళు పేర్చుకొనో, ఒక్కోసారి ఇంటి వసారాలోనో రాత్రంతా కదలకుండా కూర్చోవడం ఆయన పద్ధతి. తుపాకి గొట్టానికి బ్యాటరీ దీపం బిగించుకొనేవారు. జంతువు దగ్గరికి వచ్చాక దీపం వేసి, కళ్ళు మెరిసిన క్షణంలో కాల్చాలి. దూరం ఎన్నో గజాలు ఉండదు. అటువంటి చోట మైలు దూరం వెళ్ళే సన్నటి గుండు కంటే, దగ్గరలో తగిలి అక్కడికక్కడే పడగొట్టే బరువైన మెత్తని గుండు కావాలి. సింహానికి సరిపోయిన .405 పులికీ సరిపోవడంలో ఆశ్చర్యం లేదు. మొదటి దెబ్బ సరిగా తగలకపోతే వెంటనే రెండోది ఎక్కించుకొనే వీలూ ఉంది.

మన తెలుగు అడవుల్లో ఆయన తిరిగిన తావులు ఉన్నాయి. 1954లో వచ్చిన మొదటి పుస్తకంలో అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ ఉంది. తరువాతి పుస్తకంలో రేణిగుంట దగ్గరి మామండూరు నరభక్షకి కథ ఉంది. 1967 నాటి పుస్తకంలో నల్లమల చెంచుల మధ్య పెద్దచెరువు కుంటిపులి కథ ఉంది. మన వినుకొండ స్టేషనులో నంద్యాల వైపు రైలెక్కితే దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి గాజులపల్లె దాకా పట్టాలకు రెండు పక్కలా అడవే గదా. మీటరుగేజి బండి ఆ ఘాటులో ఆయాసపడుతూ పోయే రోజుల్లో మనం కిటికీ మూసుకొని కునికిపాట్లు పడుతూ దాటిన అడవులు అవి. అక్కడి చెంచువారి ధైర్యాన్నీ, అడవిని చదవగల నేర్పునూ, వారి పేదరికాన్నీ లోకానికి చెప్పినవారిలో ఆండర్సన్ ఒకరు.

ఆయన కథలన్నిటిలో తరచుగా కనబడే విషయం ఒకటుంది. పులి పుట్టుకతో నరభక్షకి కాదు. చాలా సందర్భాల్లో మనిషే దానిని అలా తయారు చేశాడు. పశువును పట్టుకుపోయిందని కోపం వచ్చి, రైతు నాటు తుపాకిలో మందు కూరి, మేకులో సీసపు ముక్కలో దట్టించి, చీకట్లో గుడ్డిగా పేలుస్తాడు. పులి చావదు. పంజా విరుగుతుంది, దవడ చెడుతుంది, పుండు పడుతుంది. లేడిని తరిమే సత్తువ పోతుంది. అప్పుడు దానికి అందేది పరుగెత్తలేని ప్రాణి, అంటే మనిషి. పక్షులను కొట్టే చిన్న గుళ్ళతో చిరుతను కొట్టినా అంతే, జీపులో కూర్చొని దీపాల వెలుగులో సరదాకు కాల్చే పట్నం బాబుల గుండు సగం తగిలినా అంతే. కాల్చినవాడు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు. ఆరు నెలల తరువాత, ముప్పై మైళ్ళ అవతల, ఆ గుండు సంగతే ఎరుగని ఎవరో ఒక తల్లి ఇంటికి తిరిగి రాదు.

నేను సీటులో ఉన్న కాలంలో అడవి అంచు పల్లె నుంచి ఒక రైతు పంట రక్షణ తుపాకి రెన్యూవలుకు వస్తూ ఉండేవాడు. పెద్దమనిషి, మాట నెమ్మది. ఒక ఏడు ఆయన కాల్చిన అడవిపంది గాయపడి జొన్న చేలో దాక్కున్నది. తెల్లవారి సంగతి తెలియని పాలికాపు ఒకడు ఆ చేలోకి దిగాడు. పంది తొడ చీల్చింది. ప్రాణం దక్కింది గాని కాలు బాగుపడలేదు. ఆ తరువాత ఆ రైతు తుపాకి తెచ్చి స్టేషనులో అప్పగించి, లైసెన్సు రద్దు చేయమని అర్జీ పెట్టుకున్నాడు. కారణం అన్నచోట వయసు మీరినందువల్ల అని రాయించాడు. అసలు కారణం నాకు తెలుసు. ఆండర్సన్ పుస్తకాల్లో నరభక్షకి వెనుక ఉండే కథ మన పల్లెలో పంది రూపంలో కనబడింది.

గాయపడిన జంతువును వదిలి రాకూడదు అన్నది మంచి వేటగాళ్ళ కట్టుబాటు. ఆండర్సన్ దానిని ఖచ్చితంగా పాటించారు. రాత్రి కాల్చిన పులి తప్పించుకుంటే, తెల్లవారాక నెత్తుటి చుక్కల వెంట కాలినడకన వెళ్ళవలసిందే. మంచె మీద ఉన్న రక్షణ నేల మీద ఉండదు. పొద ఏదో తెలియదు, అది మన మీదికి ఎప్పుడు దూకుతుందో తెలియదు. అప్పుడే ఆ .405 అంకెకు, ఆ మెత్తని గుండుకు నిజమైన పరీక్ష. ఈ బాధ్యత ఒప్పుకోలేనివాడు అసలు తుపాకి ఎత్తకూడదు. చీకట్లో జంతువు భుజం సరిగా కనబడకపోతే దీపం ఆర్పి ఊరుకోవడం, మరో రాత్రి మళ్ళీ కూర్చోవడం మేలు. ఏ బోరు కొనాలి అన్న ప్రశ్నకు, ఒక్క దెబ్బతో బాధ లేకుండా ముగించగలిగినది అన్నదే సరైన జవాబు. అది చేత కాకపోతే కాల్చకపోవడమే సరైన వేట.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆండర్సన్ చేత హతమైన నరభక్షకాలు ఎనిమిది చిరుతలు, ఏడు పులులు. ఇవి కాగితం మీది లెక్కలు. పుస్తకాలు ఏడు ఆయన జీవించి ఉండగా వచ్చాయి, ఒకటి మరణానంతరం 1976లో వచ్చింది. వీటికి తోడు ఒక నవల కూడా రాశారు. ఆ పుస్తకాలు నేటికీ అచ్చవుతున్నాయి. వాటిలో తుపాకి మోత కంటే అడవి చప్పుళ్ళు ఎక్కువ. నెమలి ఎందుకు అరిచింది, కణుజు ఎటు తిరిగి కూసింది, కోతి ఎవరిని చూసి హెచ్చరించింది, ఇవే పేజీల తరబడి ఉంటాయి.

వయసు మీరే కొద్దీ ఆయన దృష్టి చంపడం మీద నుంచి కాపాడడం మీదికి మళ్ళింది. చెరువుల దగ్గర విషం పెట్టేవారిని, దొంగవేటగాళ్ళను, అడవి నరికివేతను తన రాతల్లో గట్టిగా నిందించారు. తాను చిన్ననాడు చూసిన అడవులు తన కళ్ళ ముందే బోసిపోవడం ఆయనను బాధించింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్‌లో పులుల సంరక్షణకు ప్రాజెక్టు టైగర్ మొదలయింది. ఆ మరుసటి సంవత్సరం 1974 ఆగస్టు 30న కెన్నెత్ ఆండర్సన్ క్యాన్సరు వ్యాధితో బెంగుళూరులో మరణించారు. ఆయన తిరిగిన నల్లమల తరువాతి కాలంలో నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యంగా రూపొంది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది.

ఇదంతా పాత ముచ్చట అని కొట్టివేయడానికి వీలు లేదు. 2023లో మన పల్నాడు జిల్లా అడవి అంచు పల్లెల్లో పులులు తిరుగుతున్నాయని అటవీ శాఖవారు హెచ్చరికలు చేశారు. నల్లమలలో పులి నిలదొక్కుకుంటున్నదంటే సంతోషించవలసిన సంగతే. కాని అదే సమయంలో అడవిపందుల బెడద తాళలేక కొందరు పొలాల గట్ల వెంట కరెంటు తీగలు లాగుతున్నారు, నాటు బాంబులు పెడుతున్నారు. ఆ తీగ పందినీ పులినీ మనిషినీ వేరు చేసి చూడదు. నాటు బాంబు కొరికిన జంతువు దవడ పోయి చావక తిరిగితే, ఆండర్సన్ చెప్పిన కథే మళ్ళీ మొదలవుతుంది. పశువును పులి చంపితే అటవీ శాఖకు తెలియజేసి నష్టపరిహారానికి అర్జీ పెట్టుకోవడమే మార్గం. అర్జీ ఎలా రాయాలో తెలియని పల్లెవారికి రాసిపెట్టడానికి మన సంఘ సభ్యులకంటే తగినవారు ఎవరున్నారు? జీవితమంతా అర్జీలతోనే గడిపినవాళ్ళం గదా.

పాత ఉద్యోగిగా ఇంకొక మాట కూడా చెప్పి ముగిస్తాను. మనలో కొందరి ఇళ్ళలో తాతలనాటి తుపాకులు అటక మీదో, బీరువా వెనుకో ఉన్నాయి. లైసెన్సుదారు కాలం చేస్తే ఆ తుపాకి వారసుల ఇంట్లో ఊరికే ఉండకూడదు. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. ఉంచుకోదలచినవారు తమ పేర లైసెన్సుకు వేరే దరఖాస్తు చేసుకోవాలి. పాత తూటాలు కూడా అంతే. ఏళ్ళ తరబడి అటక వేడిలో నానిన మందు ఎప్పుడు ఎలా పేలుతుందో చెప్పలేము. ఆటకు పిల్లల చేతికి అసలే ఇవ్వరాదు.

బొల్లారంలో పుట్టి, తపాలా శాఖలో పనిచేసి, మన నల్లమలలో చెంచువారితో కలిసి నడిచిన ఆండర్సన్ పుస్తకాలు పెద్ద ఊళ్ళ పుస్తకాల షాపుల్లో దొరుకుతున్నాయి. ఇంగ్లీషు చదివే మనవళ్ళు, మనవరాళ్ళు ఉన్నవారు ఒకటి కొనిపెట్టండి. వారు చదివాక మీకు కథ చెప్పమనండి. నంద్యాల రైలులో ఈసారి వెళ్ళేటప్పుడు దిగువమెట్ట దాటాక కిటికీ తెరిచి బయటికి చూడండి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, వినుకొండ